ఆర్థిక శాఖ మంత్రుల పట్టిక: ఆంధ్ర రాష్ట్రం (కర్నూలు, 1953) నుంచి నేటి దాకా సరిగ్గా రాయాలంటే

కొండారెడ్డి బురుజు

గ్రూప్స్ రాసే పిల్లలు చదువుకునే హాల్లో గోడకు పెట్టడానికి ఆర్థిక మంత్రుల పట్టిక ఒకటి తయారవుతోంది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు నుంచి మొదలుపెట్టాలి. చేతికందిన పట్టికలు మూడు, మూడూ మూడు రకాలు. ఒకటి 1956 నవంబరు నుంచే మొదలవుతుంది, ప్రకాశం పంతులు మంత్రివర్గం ఊసే లేదు. ఇంకోదాంట్లో రోశయ్య గారి కాలం 2009 సెప్టెంబరుతో ఆగిపోయింది. మూడోదాంట్లో రాష్ట్రపతి పాలన నెలలకు కూడా ఎవరో ఒక మంత్రి పేరు రాసేశారు. తెలిసినవాళ్లు పద్ధతి చెప్పండి. తప్పు పట్టిక గోడెక్కితే పిల్లలు అదే బట్టీ పడతారు.

హంద్రీ గట్టు

బురుజు గారూ, ఒకే గళ్లో పేరూ, కాలమూ కుక్కితే ఈ చిక్కు తప్పదు. కనీసం నాలుగు గళ్లు పెట్టండి: శాఖ ఎవరికి కేటాయించారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఆ ఏడాది బడ్జెట్ ఎవరు చదివారు, అది పూర్తి బడ్జెట్టా ఓటాన్ అకౌంటా (పూర్తి బడ్జెట్ వచ్చేలోపు కొన్ని నెలల ఖర్చుకే సభ ఇచ్చే అనుమతి).

ప్రమాణ స్వీకారం తేదీ వేరు, శాఖ చేతికొచ్చిన తేదీ వేరు. మంత్రులకు పని పంచేది రాజ్యాంగం 166(3) అధికరణ కింద ఉన్న బిజినెస్ రూల్స్ ప్రకారం. దానికి సాధారణ పరిపాలన శాఖ నుంచి ఉత్తర్వు వస్తుంది, రాజపత్రంలో (గెజిట్) అచ్చవుతుంది. మీ పట్టికలో పడాల్సింది ఆ తేదీ. 2024లో మంత్రివర్గం జూన్ 12న ప్రమాణం చేసింది, శాఖలు జూన్ 14న వచ్చాయి. 2019లో ముఖ్యమంత్రి ఒక్కరే మే 30న ప్రమాణం చేశారు, మంత్రులు జూన్ 8న వచ్చారు. ఎవరికీ కేటాయించని శాఖ ముఖ్యమంత్రి దగ్గరే ఉన్నట్టు లెక్క. కాబట్టి ఆ తొమ్మిది రోజులు ఆర్థిక శాఖ ఖాళీగా లేదు, మంత్రి పేరూ రాయకూడదు. అక్కడ ముఖ్యమంత్రి పేరే రావాలి.

బుగ్గన రాజేంద్రనాథ్ రెడ్డి గారి కాలాన్ని అందరూ 2019–24 అని ఒకే ముక్కగా రాస్తారు. 2022 ఏప్రిల్ 7న మంత్రులందరూ రాజీనామాలిచ్చారు, ఏప్రిల్ 11న కొత్త మంత్రివర్గం ప్రమాణం చేసింది. ఆయన మళ్లీ అదే శాఖతో వచ్చారు. పట్టికలో రెండు వరుసలు కావాలి.

గండికోట

మొదటి వరుస తెన్నేటి విశ్వనాథం గారిది. ప్రకాశం మంత్రివర్గంలో ఆర్థికం, న్యాయం ఆయనవే. 1956 నుంచి మొదలుపెట్టే పట్టికలు ఆయన్ని మింగేస్తున్నాయి. కర్నూలు గోడకు పెట్టే పట్టికలో ఆయన పేరు లేకపోవడం అన్యాయం.

అంతకుముందు సంగతి కూడా ఒక వాక్యం రాయండి. 1953 సెప్టెంబరు 30 దాకా మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోవి. రాజాజీ మంత్రివర్గంలో ఆర్థిక శాఖ చూసింది సి. సుబ్రహ్మణ్యం. అంతకుముందు, స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో మద్రాసు ఆర్థిక మంత్రి బెజవాడ గోపాలరెడ్డి. తర్వాత 1955 మార్చి 28న కర్నూలులో ముఖ్యమంత్రి అయిందీ ఆయనే.

ఆదోని పత్తి

అన్నా, మా ఆదోని, ఆలూరు అప్పట్లో బళ్లారి జిల్లా కదా. మాకు వేరే వరుస పెట్టాల్నా?

గండికోట

అక్కర్లేదప్పా. బళ్లారి జిల్లా కూడా మద్రాసులోనే ఉండేది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, జిల్లాలో మిగిలింది మైసూరుకు పోయింది. మీకూ మాకూ ఆర్థిక మంత్రి ఒకరే. తెలంగాణ జిల్లాలకు మాత్రం 1956 అక్టోబరు దాకా హైదరాబాదు రాష్ట్ర ఆర్థిక మంత్రులు వేరే ఉన్నారు, వాళ్లను ఈ వరుసలో కలపొద్దు.

పద్దుల పుస్తకం

సంవత్సరాల గడి దగ్గర జాగ్రత్త. ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడవాల్సిన ఆర్థిక సంవత్సరం మన రాష్ట్రానికి మూడుసార్లు మధ్యలో తెగింది. 1953–54లో సెప్టెంబరు ఆఖరు దాకా మద్రాసు పద్దు, అక్టోబరు నుంచి ఆంధ్ర పద్దు. 1956–57లో అక్టోబరు ఆఖరు దాకా ఆంధ్ర, నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్. 2014–15లో జూన్ 1 దాకా ఉమ్మడి రాష్ట్రం, జూన్ 2 నుంచి కొత్త ఆంధ్రప్రదేశ్. అంటే 2014–15 లెక్కలు పన్నెండు నెలలవి కావు. యనమల రామకృష్ణుడు 2014 ఆగస్టు 20న చదివిన 1.11 లక్షల కోట్లను మరుసటి ఏడాది 1.13 లక్షల కోట్ల పక్కన పెట్టి "రెండు వేల కోట్లే పెరిగింది" అని రాసే పుస్తకాలున్నాయి. పది నెలల లెక్కనీ పన్నెండు నెలల లెక్కనీ అలా పోల్చకూడదు.

బడ్జెట్ సైజు గడి పెడితే ఇంకో మాట. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, అసలు లెక్క అని మూడుంటాయి. 2023–24 అసలు లెక్క మీకు కనిపించేది 2025–26 బడ్జెట్ పుస్తకంలో. మంత్రి ప్రసంగంలో చదివిన అంకె అంచనా మాత్రమే. ఆ గడి మీద "అంచనా" అని రాయకపోతే పిల్లలు దాన్ని ఖర్చు అనుకుంటారు.

డోన్ జంక్షన్

సీమ నుంచి ఆర్థిక మంత్రులు అని వేరే రంగు వేస్తే బాగుంటుంది సార్. బుగ్గన గారు మా డోన్, పయ్యావుల కేశవ్ గారు ఉరవకొండ. వెంటవెంట రెండు ప్రభుత్వాల్లో సీమవాళ్లే. బుగ్గన గారికి జిల్లా ఏదని రాయాల? కర్నూలా, నంద్యాలా?

హంద్రీ గట్టు

రెండూ రాయాలి. కొత్త జిల్లాలు 2022 ఏప్రిల్ 4న వచ్చాయి, డోన్ నంద్యాల జిల్లాలోకి పోయింది. మొదటి వరుసలో కర్నూలు, ఏప్రిల్ 11 నుంచి మొదలయ్యే రెండో వరుసలో నంద్యాల. ఉరవకొండకు ఈ బాధ లేదు, అది అనంతపురంలోనే ఉంది.

పెన్నా ఒడ్డు

రంగు వేసేటప్పుడు ఇది కూడా చేర్చండి. వాళ్లిద్దరూ ఆర్థిక మంత్రులు కాకముందు ప్రజా పద్దుల సంఘం (పీఏసీ) అధ్యక్షులు. 2014 తర్వాత ఆ పదవి నంద్యాల ఎమ్మెల్యే భూమా నాగిరెడ్డిది, ఆయన తర్వాత 2019 దాకా బుగ్గనది, 2019 నుంచి 2024 దాకా పయ్యావులది. ముగ్గురూ సీమవాళ్లే.

దీన్ని చిన్న విషయంగా తీసెయ్యకండి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక రాజ్యాంగం 151(2) అధికరణ కింద గవర్నరుకు చేరి, సభ ముందుకొస్తుంది. అక్కణ్నుంచి ప్రజా పద్దుల సంఘానికి పోతుంది. సభ ఆమోదించిన దానికంటే ఎక్కువ ఖర్చు ఏ పద్దులో జరిగింది, మార్చి నెలాఖరున డబ్బు తీసి డిపాజిట్ ఖాతాల్లో ఎందుకు పెట్టారు, వినియోగ పత్రాలు ఎందుకు రాలేదు అని అధికారుల్ని పిలిచి అడిగేది ఈ సంఘం. ఎక్కువైన ఖర్చుకు 205 అధికరణ కింద సభ మళ్లీ ఆమోదం తెలపాలి. ప్రతిపక్షంలో ఉండి ఇవి అడిగిన మనిషి మంత్రి కుర్చీలోకి వస్తే, ఏ కాగితం అడిగితే ఏం బయటపడుతుందో ఆయనకు ముందే తెలిసి ఉంటుంది. ఆ తర్వాత లోటును ఎలా నడిపారన్నది వేరే చర్చ. అనుభవం దృష్ట్యా మాత్రం ఆర్థిక శాఖకు ఇంతకంటే మంచి బడి లేదని నా అభిప్రాయం.

కొండారెడ్డి బురుజు

పెన్నా ఒడ్డు గారూ, ఈ ముక్క పట్టికలో తప్పకుండా పెడతాం. రోశయ్య గారి లెక్క తేల్చండి. పదహారు బడ్జెట్లు అంటారు, 2004 నుంచి 2009 దాకా లెక్కపెడితే ఆరే వస్తున్నాయి, 1989–94 కలిపినా తేడా ఉంది.

హంద్రీ గట్టు

పదహారులో చివరి ఏడు వరుసగా చదివినవి: 2004–05 నుంచి 2010–11 దాకా. మీకు ఆరు రావడానికి కారణం 2009 సెప్టెంబరు దగ్గర గీత గీయడం. వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణం తర్వాత 2009 సెప్టెంబరు 3న రోశయ్య ముఖ్యమంత్రి అయ్యారు, ఆర్థిక శాఖ వదల్లేదు. 2010 ఫిబ్రవరిలో బడ్జెట్ చదివింది ఆయనే, ముఖ్యమంత్రి హోదాలో. కాబట్టి ఆర్థిక శాఖ వరుసలో ఆయన 2010 నవంబరు 24న రాజీనామా చేసేదాకా ఉండాలి. తర్వాత కిరణ్ కుమార్ రెడ్డి మంత్రివర్గంలో ఆనం రామనారాయణరెడ్డి వచ్చారు, 2011–12 బడ్జెట్ ఆయనది.

పాత తొమ్మిదీ అంతకుముందరివి. 1989 నుంచి 1994 దాకా చెన్నారెడ్డి, జనార్దనరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి ముగ్గురి మంత్రివర్గాల్లోనూ రోశయ్యకు ఆర్థిక శాఖ ఉంది. ముఖ్యమంత్రి మారిన ప్రతిసారీ మంత్రివర్గం కొత్తదే, కాబట్టి అక్కడ ఒకే పేరుతో మూడు వరుసలు రావాలి. ఎన్నికల ఏడాదిలో ఒకే ఆర్థిక సంవత్సరానికి ముందు ఓటాన్ అకౌంటు, తర్వాత పూర్తి బడ్జెట్ ఉంటాయి. వాటిని ఒకటిగా లెక్కేస్తున్నారా రెండుగానా అన్నది పట్టిక కింద రాయండి. మీరు చూసిన పట్టికలు మూడు దారులు పట్టడానికి ఇదీ ఒక కారణం.

పెన్నా ఒడ్డు

ఆర్థిక శాఖ చూసి ముఖ్యమంత్రులైన వాళ్లకు ఒక గుర్తు పెట్టండి. కాసు బ్రహ్మానందరెడ్డి సంజీవయ్య గారి మంత్రివర్గంలో ఆర్థికం చూశారు, 1964లో ముఖ్యమంత్రి. నాదెండ్ల భాస్కరరావు 1983లో ఎన్టీఆర్ తొలి మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి, 1984 ఆగస్టు 16 నుంచి సెప్టెంబరు 16 దాకా ముఖ్యమంత్రి. చంద్రబాబు 1994లో ఎన్టీఆర్ మంత్రివర్గంలో ఆర్థికం చూశారు, 1995లో ముఖ్యమంత్రి. రోశయ్యదీ అదే దారి. యనమల దారి ఇంకో రకం: 1995 నుంచి 1999 దాకా సభాపతి, ఆ తర్వాత ఆర్థిక మంత్రి. 1999కి ముందు చంద్రబాబు ప్రభుత్వంలో ఆర్థిక శాఖ అశోక్ గజపతిరాజుది.

ఆదోని పత్తి

యనమల 2014–19లో ఎమ్మెల్యే కాదు కదా, శాసనమండలి సభ్యుడు. శాసనసభలో బడ్జెట్ ఎట్లా చదివినాడు?

హంద్రీ గట్టు

177 అధికరణ. మంత్రి ఏ సభ సభ్యుడైనా రెండు సభల్లోనూ మాట్లాడొచ్చు, ఓటు మాత్రం తన సభలోనే. పైగా 202 అధికరణ ప్రకారం వార్షిక ఆర్థిక నివేదికను సభ ముందు పెట్టించాల్సింది గవర్నరు. మంత్రి ఆ పని ఆయన తరఫున చేస్తారు. అందుకే శాసనసభలో ఆర్థిక మంత్రి చదువుతుండగా అదే సమయంలో మండలిలో మరో మంత్రి చదువుతారు. 2025 ఫిబ్రవరి 28న శాసనసభలో పయ్యావుల చదివితే మండలిలో కొల్లు రవీంద్ర చదివారు. మండలిలో చదివినవాళ్లను ఆర్థిక మంత్రులుగా రాసిన పట్టిక ఒకటి తిరుగుతోంది, దాన్ని నమ్మొద్దు. వ్యవసాయ బడ్జెట్ చదివే వ్యవసాయ మంత్రి విషయమూ అంతే.

మండలి 1958 జులై నుంచి 1985 దాకా, మళ్లీ 2007 నుంచి ఉంది. మధ్యలో ఏళ్లకు ఆ గడిలో గీత పెట్టండి.

పద్దుల పుస్తకం

మండలి అంటే 2020 సంగతి చెప్పాల్సిందే. పిల్లలకు 198 అధికరణ బాగా గుర్తుండేది దీంతోనే.

ఆ ఏడాది కోవిడ్ వల్ల మార్చిలో సభ నడవలేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల ఖర్చుకు ఆర్డినెన్సు ఇచ్చారు. జూన్ 16న బుగ్గన పూర్తి బడ్జెట్ చదివారు, సభ ద్రవ్య వినిమయ బిల్లును (ఖజానా నుంచి ఖర్చుకు అనుమతిచ్చే బిల్లు) ఆమోదించి మండలికి పంపింది. మండలి దాన్ని తేల్చకుండానే జూన్ 17న నిరవధికంగా వాయిదా పడింది. 198 ప్రకారం ద్రవ్య బిల్లును ఆపే, మార్చే అధికారం మండలికి లేదు. కానీ పద్నాలుగు రోజులు దాని దగ్గర ఉండొచ్చు, ఆ గడువు దాటితేనే రెండు సభలూ ఆమోదించినట్టు. జూన్ 30తో ఆర్డినెన్సు ఇచ్చిన అధికారం అయిపోయింది. గవర్నరు ఆమోదం రాకుండా సంచిత నిధి (రాష్ట్ర రాబడి అంతా చేరే ప్రధాన నిధి) నుంచి రూపాయి తీయడానికి 204(3) ఒప్పుకోదు. జులై 1న పడాల్సిన జీతాలు, పింఛన్లు ఆగాయి. ఖజానాలో డబ్బున్నా లేకున్నా ఆరోజు ఇచ్చే వీలు లేదు. గడువు దాటి ఆమోదం వచ్చాకే బిల్లులు కదిలాయి.

జూన్ రెండో వారంలోనే సభ పెట్టుంటే ఈ పద్నాలుగు రోజులూ నెలాఖరులోపే అయిపోయేవి. ఓటాన్ అకౌంటు గడువు ముగిసే తేదీ నుంచి వెనక్కి కనీసం మూడు వారాలు లెక్కపెట్టి బడ్జెట్ తేదీ నిర్ణయించాలి.

డోన్ జంక్షన్

అయితే ఆర్డినెన్సు ఇచ్చిన నెలలకు "ఎవరు చదివారు" గడిలో ఏం రాయాల?

హంద్రీ గట్టు

"ఆర్డినెన్సు (213)" అని ఆ అధికరణ సంఖ్యతో రాయండి, పేరొద్దు. సభలో ఎవరూ చదవలేదు. 2020 మార్చి, 2021 మార్చి రెండూ అంతే. 2021 పూర్తి బడ్జెట్ మే 20న వచ్చింది. 2024లో ఫిబ్రవరి 7న బుగ్గన ఓటాన్ అకౌంటు పెట్టారు, అది జులై దాకా. ఎన్నికల తర్వాత ఆగస్టు నుంచి నవంబరు దాకా ఆర్డినెన్సు, నవంబరు 11న పయ్యావుల 2.94 లక్షల కోట్ల పూర్తి బడ్జెట్. 2024–25 అనే ఒక్క సంవత్సరానికి మూడు వరుసలు, రెండు పేర్లు.

లెక్క చూస్తే 2014–19లో యనమలవి ఐదు పూర్తి బడ్జెట్లు, ఒక ఓటాన్ అకౌంటు (2019 ఫిబ్రవరి 5). 2019–24లో బుగ్గనవి కూడా ఐదు పూర్తి (2019 జులై 12, 2020 జూన్ 16, 2021 మే 20, 2022 మార్చి 11, 2023 మార్చి 16), ఒక ఓటాన్ అకౌంటు. "ఆరు బడ్జెట్లు" అని ఒకరికి, "ఐదు బడ్జెట్లు" అని ఇంకొకరికి రాసే పట్టికలు ఒకే కొలత వాడటం లేదు.

గండికోట

రాష్ట్రపతి పాలన వరుసలు ఇవి: 1954 నవంబరు 15 నుంచి 1955 మార్చి 28 దాకా, 1973 జనవరి 11 నుంచి డిసెంబరు 10 దాకా, 2014 మార్చి 1 నుంచి జూన్ 8 దాకా (జూన్ 2 నుంచి అది కొత్త ఆంధ్రప్రదేశ్). ఈ కాలానికి మంత్రి గడి ఖాళీ, రాష్ట్రపతి పాలన అధికరణ సంఖ్య "356" అని రాస్తే చాలు. శాసనసభ అధికారం పార్లమెంటుకు పోతుంది, సభ చేతిలో లేని బడ్జెట్ కూడా అక్కడికే. 1973లో మార్చి నెల ఈ పాలనలోనే పడింది. 2014లో మాత్రం ఫిబ్రవరి 10నే ఆనం ఓటాన్ అకౌంటు పెట్టేశారు, ఆ ఏడాది గడిలో ఆయన పేరు రావాలి.

1954 వరుస దగ్గర ఒక వాక్యం అదనంగా రాయమని కోరుతున్నా. ప్రకాశం ప్రభుత్వం 1954 నవంబరులో అవిశ్వాసంలో ఒక్క ఓటుతో, 69–68తో పడిపోయింది. వివాదం మద్యనిషేధం మీద. అది ఆర్థిక శాఖ కథ కూడా. 1937లో రాజాజీ సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చారు. కల్లు, సారా మీద వచ్చే రాబడి పోయింది. ఆ గుంత పూడ్చడానికి 1939లో మద్రాసులో అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. అంటే రాష్ట్రానికి ఇప్పటికీ అన్నం పెట్టే అమ్మకపు పన్ను పుట్టుకలో మా కడప జిల్లా నిషేధానికీ వాటా ఉంది. తర్వాత 1993 అక్టోబరులో కోట్ల విజయభాస్కరరెడ్డి సారా నిషేధించారు, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చారు, 1997లో చంద్రబాబు సడలించారు. ప్రతిసారీ ఆర్థిక మంత్రి ముందున్న ప్రశ్న ఒక్కటే, 0039 పద్దులో పోయేదాన్ని 0040 పద్దులో ఎంత రాబట్టగలం?

కొండారెడ్డి బురుజు

ఆ నంబర్ల సంగతి కాస్త విప్పి చెప్పండి, పిల్లలు అడుగుతారు.

పద్దుల పుస్తకం

పెద్ద పద్దుకు నాలుగంకెలు. మొదటి అంకె 0 లేదా 1 అయితే రాబడి, 2 లేదా 3 అయితే రెవెన్యూ ఖర్చు, 4 లేదా 5 అయితే పెట్టుబడి ఖర్చు, 6 లేదా 7 అయితే అప్పులు, అడ్వాన్సులు, 8 అయితే ఆకస్మిక నిధి లేదా ప్రజా ఖాతా. రెండు వేలు కలుపుతూ పోతే అదే విషయం మీద తర్వాతి పద్దు వస్తుంది: చదువు మీద వచ్చేది 0202, జీతాలకు ఖర్చయ్యేది 2202, భవనాలకు 4202. 0039 ఎక్సైజ్, 0040 అమ్మకపు పన్ను, 0030 స్టాంపులు, రిజిస్ట్రేషన్లు. 2049 వడ్డీలు, 2071 పింఛన్లు. వడ్డీల మీద సభ చర్చించొచ్చు, ఓటు వెయ్యదు. 202(3) కింద అవి సంచిత నిధి మీద పడే భారం. ఆర్థిక మంత్రి ఎవరైనా ముందు ఈ రెండూ కట్టాకే మిగతావాటి మాట.

ఊళ్లో తరచూ వచ్చే ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు ఉంది. "బడ్జెట్లో మన కాలువకు ఇంత పెట్టారు, పని ఎందుకు జరగలేదు?" బడ్జెట్లో పెట్టడం మొదటి మెట్టు మాత్రమే. దాని తర్వాత పరిపాలన అనుమతి జీవో, ఆర్థిక శాఖ నుంచి బడ్జెట్ విడుదల ఉత్తర్వు, పని కొలిచి బిల్లు, అది సీఎఫ్ఎంఎస్‌ (ప్రభుత్వ బిల్లులు, చెల్లింపులు నడిపే కంప్యూటర్ వ్యవస్థ) లోకి ఎక్కడం, అక్కడ వరుసలో నిలబడటం, చివరికి రిజర్వు బ్యాంకు ద్వారా చెల్లింపు. విడుదల ఉత్తర్వు రాకపోతే బడ్జెట్లో ఎంతున్నా బిల్లు పడదు. రిజర్వు బ్యాంకు దగ్గర రాష్ట్రం ఓవర్‌డ్రాఫ్టులో ఉంటే పద్నాలుగు పనిదినాల్లో బయటపడాలి, లేకుంటే చెల్లింపులు ఆగిపోతాయి. ఆ రోజుల్లో జీతాలు, వడ్డీలు ముందుకు పోయి కాంట్రాక్టు బిల్లులు వెనక్కి పోతాయి. మార్చి 31 దాటితే ఖర్చు కాని కేటాయింపు మురిగిపోతుంది, బిల్లు కొత్త ఏడాది పద్దులో మళ్లీ మొదలు. హంద్రీ–నీవా పంట కాలువల పనుల దగ్గర ఆర్థిక మంత్రిది ఏ జిల్లా అన్నదానికంటే ఈ విడుదల ఉత్తర్వు ఎప్పుడు వచ్చిందన్నదే ముఖ్యం.

డోన్ జంక్షన్

అది ఒప్పుకుంటా సార్. కానీ విడుదల ఉత్తర్వు మీద ఆఖరి మాట మంత్రిదే కదా. మన నీళ్ల బాధ తెలిసిన మనిషి ఆ కుర్చీలో ఉండటం వేరు.

పెన్నా ఒడ్డు

ఇద్దరూ చెప్పింది నిజమే. సీమ మంత్రి అయితే ఫైలు మీద ఊరి పేరు చూడగానే అది యాడుందో తెలుస్తుంది. డబ్బు మాత్రం పద్దులోనే ఉండాలి.

హంద్రీ గట్టు

శాఖ పేరు దగ్గర చివరి జాగ్రత్త. "ఆర్థిక శాఖ" కింద ఏమేం ఉంటాయో ప్రభుత్వానికొక రకం. ప్రణాళిక దాదాపు ఎప్పుడూ కలిసే ఉంటుంది. వాణిజ్య పన్నులు అలా కాదు: 2019లో అవి ఎక్సైజుతో కలిపి ఉప ముఖ్యమంత్రి నారాయణస్వామి దగ్గర ఉన్నాయి, 2022 తర్వాత బుగ్గనకు వచ్చాయి, 2024లో పయ్యావులకు ఆర్థికం, ప్రణాళిక, వాణిజ్య పన్నులు, శాసనసభా వ్యవహారాలు కలిపే ఇచ్చారు. జీఎస్టీ మండలికి ఎవరు వెళ్లారన్నది చూసి ఆర్థిక మంత్రిని తేల్చొద్దు. 279ఎ అధికరణ ఆర్థిక మంత్రినైనా, పన్నుల మంత్రినైనా, రాష్ట్రం నియమించిన ఇంకో మంత్రినైనా పంపొచ్చు అంటుంది.

సరిచూసుకునే వరుస ఇది: ముందు రాజపత్రంలో శాఖల ఉత్తర్వు, తర్వాత బడ్జెట్ ప్రసంగం మొదటి పేజీ (చదివినవారి పేరు, తేదీ అక్కడే ఉంటాయి), తేడా వస్తే ఆరోజు శాసనసభ చర్చల సంపుటి. పత్రికలు నాలుగోది. కర్నూలు కాలం కాగితాలకు రాష్ట్ర పురావస్తు పత్రాగారం (ఆర్కైవ్స్) చూడండి.

కొండారెడ్డి బురుజు

తెన్నేటి విశ్వనాథం గారి వరుసతో మొదలుపెట్టి, ఏడు గళ్లతో గీస్తున్నాం: శాఖ ఎవరిది, ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా, శాసనసభలో చదివింది, మండలిలో చదివింది, పూర్తిదా ఓటాన్ అకౌంటా ఆర్డినెన్సా, శాఖతో కలిసి వచ్చినవి. బడ్జెట్ సైజు గడి తీసేశాం. పయ్యావుల గారి వరుస 2024 జూన్ 14తో మొదలు, "వరకు" గడి ఖాళీ.

ఆదోని పత్తి

అన్నా, జూన్ 12, 13 రెండు రోజులకు ముఖ్యమంత్రి వరుస కూడా పెట్టండి.